మూడు వేళ్ళంత నోరు

సోమవారం

ఈ రోజు ఇంట్లో నెగ్గాను.

కాలేజీలో నెగ్గడం వేరు. అక్కడ ఓడినవాళ్ళు చేయి కలిపి, టీ తాగి, మన వెనక నాలుగు మాటలు అనుకుని వెళ్ళిపోతారు. ఇంట్లో ఓడిన మనిషి మళ్ళీ మనకే అన్నం వడ్డించాలి. పిన్ని వడ్డించింది. గరిటె కంచానికి కాస్త గట్టిగా తగిలింది, అంతే.

వాదనాంశం అమ్మమ్మ పన్ను. కింది దవడలో కుడివైపు చిట్టచివర ఉన్నది. కొన్నాళ్ళుగా ఆమె చెంప పట్టుకునే తిరుగుతోంది. పొద్దున్న పిన్నీ నేనూ కొంత బతిమాలి, కొంత బెదిరించి పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ ఎక్స్‌రే తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంది. పన్ను నెత్తి మీది నుంచి వేరు దాకా నిలువునా చీలింది. వేరు చివర ఒక నల్లని మచ్చ. అక్కడ చీము చేరిందట.

"ఇది నిలబెట్టగలిగే పన్ను కాదమ్మా. ఇప్పుడే తీసేస్తాను. మత్తిస్తాను, మీకు తెలియను కూడా తెలియదు."

అమ్మమ్మ కుర్చీ దిగింది. చెప్పులు వేసుకుంది. మెడకు కట్టిన పచ్చగుడ్డతో సహా వీధిలోకి నడిచింది. పిన్ని వెనకాలే పరిగెత్తింది. మందుల చీటీ కోసం ఆగినదాన్ని నేను, కాబట్టి డాక్టరమ్మ చివరి మాటలు విన్నదాన్నీ నేనే.

"ఈ మాత్రలు పూర్తిగా వాడించండి. ఇవి పన్నుకు వైద్యం కావు, గడువు మాత్రమే. ఎప్పుడైనా వాపు దవడ కిందికి దిగినా, జ్వరం వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం కష్టమైనా, మాట తేడాగా వచ్చినా, నా దగ్గరికి కూడా రావద్దు. నేరుగా పెద్దాసుపత్రికి తీసుకుపొండి. ఆవిడకి షుగర్ ఉంది కదా, అసలు ఆలస్యం చెయ్యద్దు."

మా ఇంట్లో ఏ తగువైనా భోజనాల దగ్గర వాదించి తేల్చుకోవాలి. ఫ్యాను ఎటు తిప్పాలన్న దాని మీద చిన్నప్పుడు నేనూ పిన్నీ జుట్లు పట్టుకుంటే అమ్మమ్మ పెట్టిన నియమం ఇది. ఇరుపక్షాలూ మాట్లాడాలి. గడువు దాటితే అమ్మమ్మ చెంచాతో స్టీలు గ్లాసు మీద కొడుతుంది. తీర్పు ఆమెది. తీర్పు వచ్చాక ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు. నేను డిబేటర్‌ని అయింది కాలేజీలో కాదు, ఆ గ్లాసు ఎదుట.

పిన్ని మొదట్లోనే ఆక్షేపణ తెలిపింది. "కేసూ నీదే, జడ్జీ నువ్వేనా? ఇదెక్కడి న్యాయమమ్మా?"

"నోరు నాది కాబట్టి," అంది అమ్మమ్మ, తడిగుడ్డ చెంపకు నొక్కుకుంటూ. "నా తరఫున ఇది మాట్లాడుతుంది. ఏమే లాయరమ్మా, నన్ను గెలిపిస్తావా, ముంచుతావా?"

గెలిపించాను. అమ్మమ్మకు కింది ముందుపళ్ళు లేవు. ఆ స్థానంలో పెట్టుకునే సెట్టుకు ఒక తీగ కొక్కెం ఉంది. ఆ కొక్కెం తగులుకునేది సరిగ్గా ఈ పన్నుకే. పన్ను పోతే సెట్టు నిలవదు. సెట్టు నిలవకపోతే మాట నిలవదు. జుట్టు నెరిసేదాకా బస్టాండులో మైకు ముందు కూర్చున్న మనిషి ఆమె. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తోందో ఆమె చెబితే, పిల్లల ఏడుపుల మీదుగా, ఇంజన్ల మోత మీదుగా, ఒక్కొక్క అక్షరం విడివిడిగా వెళ్ళి వెనక బెంచీ మీద కునుకు తీస్తున్నవాణ్ణి లేపేదట. కాబట్టి ఇక్కడ చర్చనీయాంశం పన్ను కాదని, ఒక మనిషి మాట అని నేను అంశాన్నే పునర్నిర్వచించాను. పైగా డాక్టరమ్మ చెప్పిన అత్యవసర లక్షణాలన్నీ వల్లించి, వాటిలో ఒక్కటీ ప్రస్తుతం లేదని నిరూపించాను.

పిన్ని దగ్గర ఉన్నది ఒక్కటే మాట. "రాత్రంతా గోడకానుకుని కూర్చుంటోంది. నేను చూస్తున్నానే."

"అది సాక్ష్యం కాదు పిన్నీ, సానుభూతి."

ఆ వాక్యం బాగా వచ్చింది. పిన్ని ఇంకేదో అనబోతుండగా గ్లాసు మోగింది. గడువు ఇంకా మిగిలే ఉందనుకుంటాను. అయినా న్యాయమూర్తిని ప్రశ్నించే అలవాటు మా ఇంట్లో లేదు.


మంగళవారం

పొద్దున్నే అమ్మమ్మతో నోటి కసరత్తు. ఆదివారం ఫైనల్ ఉంది కాబట్టి నాగా లేకుండా చేస్తున్నాం. మా డిబేట్ మాస్టారు నేర్పింది ఇది: మూడు వేళ్ళు నిలువుగా ఒకదాని మీద ఒకటి చేర్చి పళ్ళ మధ్య పెట్టుకోవాలి, నోరు అంత తెరుచుకున్నాకే 'ఆ' అనాలి. మూడు వేళ్ళు పట్టని నోటితో మాట్లాడితే చివరి వరసకు మాటలు కాదు, ఆవులింతలు చేరతాయంటారు ఆయన. "మీ మాస్టారు ఇప్పుడు కనిపెట్టాడేమో, నేను మైకు చెడిపోయిన రోజుల్లోనే చేశా," అని అమ్మమ్మ తనూ నా ఎదురుగా కూర్చుంటుంది. అద్దంలో ఇద్దరం. ఆమె నోరు ఎప్పుడూ నాకన్నా పెద్దది.

ఈ రోజు రెండున్నర వేళ్ళు. నొప్పి కదా మరి.

పిన్ని చూసింది. ఏమీ అనలేదు. తీర్పును గౌరవించడం మంచి లక్షణం.


బుధవారం

నొప్పి పోయింది!

మధ్యాహ్నం నేను రాగానే అమ్మమ్మ గుమ్మం దగ్గరే చెప్పింది. "టపీమని పోయిందే. దీపం ఆర్పేసినట్టు." నన్ను కూర్చోబెట్టి తల దువ్వింది. చాలా రోజులకి పాట అందుకుంది, పెదవులు పెద్దగా కదపకుండా.

వాదన ఒక ఎత్తు, దాన్ని వాస్తవం వచ్చి బలపరచడం ఒక ఎత్తు. పిన్నికి చెప్పాలని నాలుక దురద పెట్టింది. ఆ మాట ఎత్తకూడదు కాబట్టి ఎత్తలేదు. ఎత్తకుండా నవ్వాను.

"ఏంటే ఆ నవ్వు?" అంది పిన్ని.

"ఏం లేదు."


గురువారం

ఫైనల్ అంశం ఇచ్చారు: రహస్య ఓటు కన్నా బహిరంగ ఓటు మేలు. మేము వ్యతిరేకించాలి. నా జోడీ కామా అప్పుడే బెంగ పెట్టుకుంది. వాక్యానికో చోట ఆగి ఊపిరి తీసుకుంటుంది కాబట్టి తనకు ఆ పేరు పెట్టింది నేనే. ముగింపు ప్రసంగం నాది. ఎదుటి జట్టును ఎక్కడ కోయాలో నాకు ఇప్పటికే తెలుసు.

అమ్మమ్మ మాత్రలు మానేసింది. కడుపులో మంటగా ఉందట, నొప్పే లేనప్పుడు దేనికట. తర్కం సరిగానే ఉంది.

కుడి చెంప కాస్త ఉబ్బింది. గమనించాను. అయితే డాక్టరమ్మ అన్నది "దవడ కిందికి దిగితే" అని. ఇది దవడ మీద ఉంది. కిందికి దిగడమంటే ఎముక అంచు దాటడం. నిర్వచనం స్పష్టంగా ఉండగా కంగారు పడటం మేధోపరమైన సోమరితనం.

సెట్టు నీళ్ళ గ్లాసులోనే ఉంది. చిగుళ్ళకు విశ్రాంతి ఇస్తోంది కాబోలు.

రెండు వేళ్ళు. ఆమె వేళ్ళు కొంచెం లావు కూడా.


శుక్రవారం

కామా ఇంటికి వచ్చింది. ముందుగదిలో సాధన. అమ్మమ్మ ఎప్పటిలాగే గోడవారగా కుర్చీ వేసుకుని, చేతిలో చెంచా, ఒళ్ళో గ్లాసు పెట్టుకుని కూర్చుంది. శాలువా గడ్డం దాకా లాక్కుంది. ఉక్కగా ఉంది ఈ రోజు. పెద్దవాళ్ళకు ఉక్కలో కూడా చలి వేస్తుంది.

నా ప్రసంగంలో ఒక చోట తొందరలో అక్షరాలు మింగేశాను, నాకే తెలిసింది. అమ్మమ్మ ఆపలేదు. ఎన్నడూ లేనిది. గడువు దాటి చాలాసేపయ్యాక కామానే గడియారం చూసి, "అమ్మమ్మగారూ, గ్లాసు!" అని గుర్తుచేసింది. అప్పుడు కొట్టింది. చిన్నగా.

"ఎలా ఉంది?" అని అడిగాను.

అమ్మమ్మ ఏదో అంది. మొదట నాకు అర్థం కాలేదు. బాగుంది అనే అయి ఉంటుంది.

వెళ్ళేటప్పుడు గేటు దగ్గర కామా ఆగింది. "ఏయ్, మీ అమ్మమ్మ ఏంటే, నోట్లో వేడి ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు మాట్లాడుతోంది?"

"సెట్టు పెట్టుకోలేదు. అందుకు."

"మా వాళ్ళెవరికైనా అలా ఉంటే నేను..."

"నువ్వు వాక్యం పూర్తి చెయ్యడం నేర్చుకో ముందు."

తను నా వైపు చూసింది. పూర్తి చెయ్యలేదు. వెళ్ళిపోయింది.


శుక్రవారం, మళ్ళీ

పిన్ని పనిచేసేది బేకరీలో. ఈ రోజు సంచిలో రొట్టెల మధ్యభాగాలు మాత్రమే తెచ్చింది, అంచులన్నీ కోసేసి. పాలలో నానబెట్టి, చెంచా వెనకతో మెదిపి, అమ్మమ్మ ఎదుట పెట్టి, తల తిప్పుకుని గిన్నెలు తోముతూ నిలబడింది. అమ్మమ్మ రెండు చెంచాలు పెదవులకు ఆనించి పక్కన పెట్టేసింది. అప్పుడు పిన్ని చేతులు తుడుచుకుని వచ్చి, నా కంచం పక్కన థర్మామీటరు పెట్టింది. మాట్లాడకుండా.

"సైగ కూడా ఉల్లంఘనే," అన్నాను.

"నేనేం అన్నానే? నీకు జ్వరంగా ఉందేమో చూసుకో, కళ్ళు నెత్తికెక్కినట్టున్నాయి."

అమ్మమ్మ నవ్వబోయింది. నవ్వు సగంలో చెయ్యి చెంప మీదికి వెళ్ళింది.

థర్మామీటరు అలమరలో పెట్టేశాను. ఎందుకు పెట్టేశానో రాయాలంటే ఒక కారణం ఉండాలి. కొలవని దానిని కాదనడం తేలిక.

ఈ పై వాక్యాన్ని కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ.


శనివారం

అంతా సవ్యంగా రాయాలి. ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. పిన్ని లోపల ఉంది.

పొద్దున్న పిన్ని షిఫ్టుకు వెళ్ళాక దుప్పట్లు మడతపెడుతుంటే అమ్మమ్మ దిండు తడిగా తగిలింది. చెమట అనుకున్నాను. తరవాత చూస్తే ఆమె పెదవి మూల నుంచి లాలాజలం కారుతోంది, ఆమె కొంగుతో అద్దుకుంటోంది. మళ్ళీ కారుతోంది. మళ్ళీ అద్దుకుంటోంది. ఉమ్మి మింగడం లేదు.

"రా అమ్మమ్మా, కసరత్తు," అన్నాను. అదెందుకన్నానో నాకు తెలియదు. ఏ రోజూ లేనంత ఉత్సాహంగా అన్నాను. వచ్చింది. అద్దం ముందు కూర్చుంది. మూడు వేళ్ళు పెట్టబోయి రెండు చేసింది. రెండు పెట్టబోయి ఒకటి చేసింది. చూపుడువేలు ఒక్కటి, అదీ గోరు దాకా, పళ్ళ సందున ఆగిపోయింది. అద్దంలోంచి నన్ను చూసింది. తప్పు చేసి దొరికిన పిల్ల చూసినట్టు చూసింది.

శాలువా తీశాను. అడ్డుకుంది. తీశాను.

దవడ కింద, గడ్డం వెనక, ఎముక అంచు ఎక్కడుందో తెలియడం లేదు. చెయ్యి వేస్తే చెక్కలా గట్టిగా, పొయ్యి మీది పెనంలా వేడిగా ఉంది. చర్మం ఎర్రగా మెరుస్తోంది. నేను సోమవారం ఏ క్రమంలో లక్షణాలు వల్లించానో అదే క్రమంలో అవి నా ఎదుట కూర్చుని ఉన్నాయి. వాపు. జ్వరం. నోరు. మింగడం. మాట.

"లే. పెద్దాసుపత్రికి పోదాం. ఇప్పుడే."

తల అడ్డంగా ఊపింది.

నేను వాదన మొదలుపెట్టాను. నా శక్తినంతా కూడగట్టుకున్నాను. డాక్టరమ్మ మాట ఉటంకించాను, షుగర్ సంగతి చెప్పాను, సోమవారం నాటి నా వాదన పొరపాటని, అప్పటి వాస్తవాలు వేరు ఇప్పటి వాస్తవాలు వేరని, పరిస్థితి మారినప్పుడు తీర్పును పునఃపరిశీలించడం న్యాయసూత్రమేనని ఏదేదో అన్నాను. అమ్మమ్మ చెయ్యి చాపి, బల్ల మీది చెంచా అందుకుని, గ్లాసు మీద కొట్టింది.

గడువు అయిపోయింది.

తరవాత వేలితో తన నోరు చూపించింది. ఆ వేలు అక్కడి నుంచి బయట వీధి వైపు, గాలిలోకి, దూరంగా కదిలింది. బస్టాండు. మైకు. ఆ ఒక్క వేలితోనే అంతా తెలిసింది. మాట పోతుందే అంటోంది.

నేను పిచ్చిదానిలా గదంతా తిరిగాను. అప్పుడు కిటికీ పక్కన నీళ్ళ గ్లాసు కనిపించింది. గురువారం నుంచి అక్కడే ఉన్న గ్లాసు. సెట్టు అడుగున ఉంది, తీగ కొక్కెం మీద సన్నని బుడగలు. తీసి, కడిగి, ఆమె అరచేతిలో పెట్టాను.

"పెట్టుకుని చూపించు అమ్మమ్మా. నువ్వు పెట్టుకోగలిగితే నేనిక నోరెత్తను. ఒట్టు."

దాన్ని చూసింది. పెదవుల దాకా తెచ్చింది. ఒక వైపు నుంచి, ఇంకో వైపు నుంచి, ఏటవాలుగా ప్రయత్నించింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది నొప్పి కాదు, నొప్పి చచ్చి మూడు రోజులైంది. కొక్కెం చేరవలసిన పన్ను లోపలే ఉంది. దాని దగ్గరికి దారే లేదు. ఆ పన్నును కాపాడుకోబోయి ఆమె తన మాటనే గ్లాసులో పెట్టేసింది.

చెంచాను నా చేతికి ఇచ్చేసింది. చీర సవరించుకుంది. చెప్పుల కోసం కాలితో వెతికింది.

ఫోను చేస్తే పిన్ని పిండి చేతులతోనే వచ్చింది, ముందు కట్టుకున్న బేకరీ గుడ్డ కూడా విప్పకుండా. ఆటోలో అమ్మమ్మ మధ్యన. అమ్మమ్మ వెనక్కి ఆనుకోబోతే ఊపిరి అందలేదు, ముందుకు వంగి నా భుజం మీద నుదురు ఆనించింది. నా చొక్కా తడిసింది. ఆ భుజాన్ని నేను దారి పొడుగునా కదపలేదు.

అత్యవసర విభాగంలో కుర్రడాక్టరు వేలితో దవడ కింద నొక్కి చూసి, ఒక్క క్షణంలో ముఖం మార్చి, నర్సును కేకేశాడు. పడుకోబెట్టొద్దు, కూర్చోబెట్టే ఉంచండి అన్నాడు. సూది, సెలైను, ఆక్సిజను అన్నీ ఒకేసారి వచ్చాయి. "నొప్పి ఎప్పుడు మొదలైంది?" అన్నాడు. చెప్పాను. "ఎప్పుడు పోయింది?"

"బుధవారం. హఠాత్తుగా."

"అది తగ్గడం కాదమ్మా. లోపల నరం చచ్చిపోయింది. చెప్పేవాళ్ళు లేరు కాబట్టి చీము తన దారి చూసుకుంది. మీరు సాయంత్రం దాకా ఆగి ఉంటే ఊపిరికే అడ్డం పడేది."

వైద్యుడి వాక్యం. ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాను.

లోపలికి తీసుకెళ్ళారు. దవడ కింద చిన్న గాటు పెట్టి చీము తీయాలి, పన్ను తీసేయాలి. తలుపు మూసుకున్నాక వరండాలో పిన్ని పక్కన కూర్చున్నాను. నువ్వే నెగ్గావు పిన్నీ, అనాలనుకున్నాను. అది కూడా మార్కులు వేసుకునే భాషే అనిపించి ఆగిపోయాను. పిన్ని నా జుట్టుకు పిండి అంటుతుందేమోనని మోచేత్తో నా తల దగ్గరికి లాక్కుంది.

"ఆ రోజు నువ్వు మాట్లాడుతుంటే," అంది, "అమ్మ ముఖం చూశావా? నొప్పి కూడా మర్చిపోయి వింటోంది. నేనింకా గట్టిగా ఎదురు చెప్పేదాన్నే. ఆ ముఖం చూసి ఊరుకున్నా."

"నువ్వు ఊరుకోలేదు. గ్లాసు మోగింది."

"గ్లాసు మోగితే నేను ఊరుకుంటానా? చిన్నప్పుడు ఎన్ని తీర్పులు వచ్చినా ఆ ఫ్యాను ఎప్పుడైనా నీ వైపు తిరిగిందా?"

నిజమే. ఎప్పుడూ తిరగలేదు.


ఆదివారం

ఫైనల్. వెళ్ళలేదు.

అమ్మమ్మ నిద్రపోతోంది. మెడకు కట్టు, చీము దిగే గొట్టం. ఊపిరి సాఫీగా ఉంది. నేను ఆమె ఛాతీ ఎత్తుపల్లాలు చూస్తూ కూర్చున్నాను. ఇంత శ్రద్ధగా ఏ ప్రత్యర్థినీ వినలేదు.


ఆదివారం, సాయంత్రం

కామా వచ్చింది. చేతిలో ద్రాక్షపళ్ళు. రోగికి పెట్టకూడదని గుర్తొచ్చి నన్ను తినమని ఇచ్చింది. రెండు ప్రసంగాలూ తనే చేసిందట.

"ఓడిపోయాం. మాస్టారు బాగానే మాట్లాడావన్నారు. చివర్లో నీలా అరుద్దామని చూశా, గొంతు లేవలేదు. మధ్యలో ఆగిపోయా. హాలంతా నిశ్శబ్దం. అప్పుడు... నిజంగా విన్నారే."

"శుక్రవారం నువ్వేదో అనబోయావు. గేటు దగ్గర."

"మా వాళ్ళకైతే అప్పుడే తీసుకెళ్ళేదాన్ని అని." కొంచెం ఆగింది. "చూడు, పూర్తి చేశా."

తన భుజం మీద తల పెట్టి నవ్వాను. నవ్వే అనుకుంటాను.


బుధవారం

డాక్టర్లు గొట్టం తీసేశారు. నోటి కసరత్తు మొదలుపెట్టమన్నారు, లేకపోతే దవడ బిగుసుకుపోతుందట. ఏం కసరత్తని అడిగితే, చెయ్యి ఎత్తి మూడు వేళ్ళు ఒకదాని మీద ఒకటి చేర్చి చూపించాడు ఆ కుర్రడాక్టరు. అమ్మమ్మ నా వైపు చూసింది. కనుబొమలు ఎగరేసింది.

మాట్లాడటం మాత్రం లేదు. ఏది అడిగినా చేతులతోనే. నొప్పి వల్ల కాదు, డాక్టరు మాట్లాడవచ్చన్నాడు. సెట్టును పేపరులో చుట్టి దిండు కింద పెట్టుకుంది. గాయం మానాక ఎడమవైపు పళ్ళకు కొక్కెం వేసి కొత్త సెట్టు చెయ్యవచ్చని పళ్ళ డాక్టరమ్మ పిన్నికి చెప్పింది. ఆ సంగతి అమ్మమ్మకు చెప్పాం. నమ్మినట్టు తలూపింది. ఆమె నమ్మకపోతే ఎలా తలూపుతుందో నాకు తెలుసు.

ఆమెను మాట్లాడించడానికి నా దగ్గర మంచి వాదన ఉంది. బిగించి కట్టిన వాదన. బయటికి తీయలేదు.


శుక్రవారం

ఇంటికి తెచ్చాం.

రెండు వేళ్ళు. మాట లేదు.

పిన్ని చారు అన్నం మెత్తగా పిసికి పెట్టింది. థర్మామీటరు పొద్దున, సాయంత్రం నేనే పెడుతున్నాను. పిన్ని చూసి, "ఉల్లంఘన," అంది.


ఆదివారం

మధ్యాహ్నం భోజనాలయ్యాయి. అమ్మమ్మ చెయ్యి కడుక్కుని వచ్చి బల్ల దగ్గర తన కుర్చీలో కూర్చుంది. నేను సాధన చేసేటప్పుడు గోడవారగా ఆమె కూర్చునే చోటు చూశాను. ఎన్నేళ్ళుగానో నా ప్రసంగాలన్నీ అక్కడ కూర్చునే విన్నది. ఏమనిపించిందో, బల్ల మీది చెంచా, గ్లాసు తీసుకుని, ఒక పీట లాక్కుని, ఆ మూల నేను కూర్చున్నాను. శ్రోతలా. పిన్ని కూడా వచ్చి నా పక్కన చతికిలబడింది.

నేను మాట్లాడలేదు. నాకు అది ఎంత కష్టమో ఈ పుట ఒక్కటే ఎరుగును.

అమ్మమ్మ కొంగుతో పెదవులు తుడుచుకుంది. గొంతు సవరించుకుంది.

"ప్రయాణికులకు మనవి," అంది.

'ప్ర' జారిపోయింది. 'ణి' ఎటో పోయింది. ముందుపళ్ళు లేని చోట గాలి ఈల వేసింది. వెనక బెంచీ మీద కునుకు తీస్తున్నవాడు ఈ మాటకు లేచేవాడు కాదు. అమ్మమ్మ ఆగిపోయింది. మా ఇద్దరి ముఖాలూ చూసింది. నేను కదలలేదు. గ్లాసు మీదికి చెంచా పోనివ్వలేదు.

పిన్ని అంది, "ఏ ప్లాట్‌ఫారం అండీ? సరిగా చెప్పండి, సామాన్లు మొయ్యాలి మేము."

"కంగారు పడకమ్మా," అంది అమ్మమ్మ, ఈలతో సహా. "బస్సే ఇంకా రాలేదు."

పిన్ని కడుపు పట్టుకుని నవ్వింది. అమ్మమ్మ నవ్వింది, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా, ఖాళీలన్నీ కనబడేట్టు. నేనూ నవ్వాను. అప్పుడే గమనించాను, నోరు ఎంత తెరుచుకుందో.

పరుగెత్తుకెళ్ళి ఆమె ఎదుట మోకాళ్ళ మీద కూర్చున్నాను. "ఉండు, అలాగే ఉండు." ఆమె చేతులు నవ్వుకు ఇంకా వణుకుతున్నాయి కాబట్టి నా వేళ్ళే చేర్చాను. ఒకటి. రెండు. మూడోది ఆగి ఆగి, పక్కకు ఒరిగి, చివరికి పట్టింది.

"ఆ," అన్నాను.

"ఆ," అంది అమ్మమ్మ. వెనక వరస దాకా.

తరవాత నా కళ్ళలోకి చూస్తూ, ఎడమవైపు మిగిలిన పళ్ళతో, మెల్లగా, నా వేళ్ళు కొరికింది.